వేసవిలో గీసిన మ్యాప్

మా మున్సిపల్ ఆఫీసులో మెట్ల పక్క గోడకు మాస్టర్ ప్లాన్ ముసాయిదా మ్యాప్ అతికించిన రోజున నేను దాని ముందు నాలుగు నిమిషాలు నిలబడ్డాను. అందులో రెండు నిమిషాలు మా ఇల్లు ఏ రంగులో ఉందో వెతుక్కోవడానికి పట్టింది. మిగతా రెండు నిమిషాల్లో మా ఊరి రాబోయే ఇరవై ఏళ్లను చూశాననుకున్నాను. తర్వాత ఎదురుగా ఉన్న కొట్లో టీ తాగి, వార్త రాశాను.

ఆ వార్తలో ఒక తప్పు ఉంది. నా ఉద్యోగంలో నేను చేసిన తప్పులన్నిటిలో అది చూడటానికి పెద్దదేమీ కాదు. బతికున్న మనిషికి సంతాప సభ జరిగినట్టు రాసిన వార్త కూడా నా ఖాతాలో ఉంది. ఆయన మర్నాడు ఆఫీసుకు వచ్చి, ఫొటో మాత్రం బాగుందన్నాడు. కానీ ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు చెప్పదగ్గది నా దగ్గర ఏదైనా ఉంటే, అది ఆ మ్యాప్ వార్తే. అందుకే రాస్తున్నాను. నేను ఎప్పుడు చేరాను, నన్ను ఎవరు చేర్చుకున్నారు, ఎవరెవరు శాలువాలు కప్పారు అనేవి ఇందులో ఉండవు. శాలువాలు బీరువా పై అరలో ఉన్నాయి. ఎవరికైనా కావాలంటే మా ఆవిడ ఇచ్చేస్తానంటోంది.

మురుగు ఎటు పోతుంది

మా ఊరు గోదావరి డెల్టాలో ఒక మున్సిపాలిటీ. తణుకులో బస్సెక్కితే గంట లోపు దిగుతారు. పేరు రాయను. రాస్తే ఇందులోని మనుషులు ఎవరో అందరికీ తెలిసిపోతుంది. రాయకపోయినా మా ఊళ్లో తెలిసిపోతుంది.

మున్సిపాలిటీ వార్తలు ఎవరికీ ఇష్టం ఉండవు. కొత్తగా చేరిన ప్రతి విలేకరీ క్రైమ్ కావాలంటాడు, లేదా రాజకీయం కావాలంటాడు. ఆ రెండూ దొరకనివాడికి మున్సిపాలిటీ ఇస్తారు. కుళాయిలు, కుక్కలు, దోమలు, వీధి దీపాలు. నాకూ అలాగే ఇచ్చారు. మొదట్లో బాధపడ్డాను. తర్వాత అర్థమైంది. ఎమ్మెల్యే ఏమన్నాడో రాస్తే మొదటి పేజీలో వస్తుంది. మురుగు ఎటు పోతుందో రాస్తే లోపలి పేజీలో వస్తుంది. ఎమ్మెల్యే అన్నమాట వారంలో మారిపోతుంది. మురుగు పోయే దారి ఒకసారి మారిస్తే ముప్పై ఏళ్లు అలాగే ఉంటుంది.

మాస్టర్ ప్లాన్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. ఊరు ఎటువైపు పెరగాలి, ఎక్కడ ఇళ్లు కట్టుకోవచ్చు, ఎక్కడ దుకాణాలు, ఎక్కడ పొలం పొలంగానే ఉండాలి, రోడ్లు ఎక్కడ పడాలి అనేది ముందే ఒక మ్యాప్ మీద గీసి పెడతారు. ఇళ్లకు పసుపు, వ్యాపారానికి ఎరుపు, పచ్చదనానికి ఆకుపచ్చ, నీటికి నీలం. ముసాయిదా గోడకు అతికించి, అభ్యంతరాలుంటే నెల రోజుల్లో రాసివ్వమంటారు. ఆ తర్వాత విచారణ. ఆ తర్వాత అదే చట్టం.

జనం వచ్చారు. వచ్చిన ప్రతి మనిషీ తన ఇల్లు వెతుక్కుని, వేలు పెట్టి చూసుకుని, వెళ్లిపోయాడు. పక్క వీధి ఏమవుతుందో చూసినవాడిని నేను చూడలేదు. నేనూ చూడలేదు కదా.

టౌన్ ప్లానింగ్ ఆఫీసరు ఓపిక గలవాడు. మ్యాప్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని అందరికీ జవాబు చెప్పేవాడు. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన తన ఇంటి మీద ఆకుపచ్చ రంగు చూసి ఆగిపోయాడు.

"అంటే నేను ఇప్పుడు పార్కులో ఉంటున్నానా అండీ?"

"ప్రస్తుతానికి ఇల్లేనండి. ప్లాన్ పూర్తయ్యేసరికి పార్కు."

"ఎప్పటికి పూర్తవుతుందండి?"

"ఇరవై ఏళ్లండి."

హెడ్మాస్టరు గారు కాసేపు లెక్కేసుకుని, "అయితే వేసుకోండి" అని వెళ్లిపోయాడు. ఆ రోజుకు నా దృష్టిలో అదే వార్త. దాన్ని బాక్స్ కట్టి పంపాను. అసలు వార్తను మాత్రం ప్రెస్ నోట్ చూసి రాశాను.

ఆ నోట్‌లో పద్నాలుగో నంబరు రోడ్డు గురించి ఒక వాక్యం ఉంది. పాత బస్టాండు వెనక నుంచి శివారు పొలాల గుండా బైపాస్ దాకా "ప్రస్తుతం ఉన్న మట్టి రోడ్డును ఎనభై అడుగులకు విస్తరించుట" అని. అది ప్రభుత్వ భూమే కాబట్టి ఎవరి సెంటు భూమీ పోదని కూడా ఉంది. ఎవరి భూమీ పోకుండా రోడ్డు పడటం కంటే సంతోషం ఏముంటుంది. నేను ఆ వాక్యాన్ని ఎత్తి మొదటి పేరాలో పెట్టాను. డెస్క్‌వాళ్లు దానికి 'శివారుకు మహర్దశ' అని హెడ్డింగు పెట్టారు. మూడు కాలమ్‌లలో వచ్చింది.

కోడలు చదివిన వార్త

వారం తర్వాత నేను టీ కొట్లో ఉండగా ఒకాయన వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. అరవై దగ్గర వయసు. లుంగీ, భుజం మీద తువ్వాలు, చేతిలో నాలుగు మడతలు పెట్టిన మా పేపరు.

"ప్రసాదు గారంటే తమరేనాండి?"

"నేనేనండి."

"శివారు గురించి రాసింది తమరేనాండి?"

నేను కొంచెం సంతోషించాను. రాసింది చదివి వెతుక్కుంటూ వచ్చే పాఠకులు తక్కువ.

"నేనే. చదివారా?"

"నాకు చదువు రాదండి. మా కోడలు చదివింది. మూడు సార్లు చదివించుకున్నానండి. మొదటిసారి అది తప్పు చదివిందేమో అనుకున్నా."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. పేరు వీర్రాజు. శివారులో మూడెకరాలు కౌలుకు చేస్తున్నాడు.

"అది రోడ్డు కాదండి బాబు. మురుగు బోదె."

పొలాల్లోకి నీళ్లు తెచ్చేది పంట బోదె. పొలాల్లో ఎక్కువైన నీటిని బయటికి తీసుకెళ్లేది మురుగు బోదె. డెల్టాలో పుట్టినవాడికి ఇది చెప్పక్కర్లేదు. అయినా వీర్రాజు చెప్పాడు. ఎదుటివాడికి తెలుసో లేదో అని అనుమానం వచ్చి ఉంటుంది.

"మరి అందులోంచి ట్రాక్టర్లు వెళుతుంటాయి కదా?" అన్నాను.

"ఇప్పుడు వెళ్తాయండి. రెండో పంట దాళ్వా కోసేక, కాలువలు కట్టేసేక అందులో చుక్క ఉండదు. ధాన్యం, గడ్డి అన్నీ అందులోంచే తోలతాం. గట్ల మీంచి తోలితే గట్లు పోతాయి కదండి. జూన్‌లో కాలువలు వదిలేక ఎవణ్ణైనా తోలమనండి, చూద్దాం."

విషయం అప్పుడు అర్థమైంది. మా దగ్గర ఏటా వేసవిలో మరమ్మతుల కోసం నీళ్లు ఆపి కాలువలు కట్టేస్తారు. కొలతల కోసం వచ్చిన సర్వేవాళ్లు కిందటి వేసవిలో, మే నెలలో వచ్చారు. ఎండిన పొలాల్లో ఎటైనా నడవచ్చు కాబట్టి వాళ్లకు ఆ నెల సుఖం. వాళ్లు వచ్చేసరికి బోదె నిండా ట్రాక్టరు చక్రాల గుర్తులు. బైపాస్ దాకా తిన్నగా ఉన్న చక్కటి మట్టి రోడ్డు. రాసుకున్నారు. రెవెన్యూ రికార్డు చూస్తే ప్రభుత్వ భూమి అనే ఉంది. ఇంకేం కావాలి.

"ఆఫీసులో అభ్యంతరం రాసివ్వండి" అన్నాను. విలేకరులు ఎవరికైనా మొదట చెప్పే సలహా అది. మనకు పని తగ్గుతుంది.

"వెళ్లేనండి. ఫారం ఇచ్చేరు. సర్వే నంబరు, పట్టాదారు పాసుబుక్కు జిరాక్సు పెట్టమన్నారు. పొలం సూర్యనారాయణ గారిదండి."

"కౌలు కాగితం ఉందా?"

"వాళ్ల నాన్నగారి టైములో మా నాన్న మొదలెట్టేడండి. మేం అడగలేదు, వాళ్లు రాయలేదు."

"సూర్యనారాయణ గారికి చెప్పి ఆయన చేత ఇప్పించండి."

వీర్రాజు చేతిలోని పేపరు మడత విప్పాడు.

"ఆయన ఇప్పుడు చాలా సంతోషంగా ఉన్నారండి. తమరు రాసింది ఫ్రేము కట్టించేలా ఉన్నారు. రోడ్డు పడితే పొలం ప్లాట్లవుద్ది కదండి. పడేదాకా నన్ను చేసుకోమంటారు. బోదె పూడిస్తే వానాకాలం సార్వాలో నీరు నా మూడెకరాల్లోనే నిలబడతాది. మాదే అన్నిటికంటే పల్లం. పంట పోయినా కౌలు ఇవ్వాలి కదండి."

"అయితే నేను రాస్తాను" అన్నాను.

"రాయండి. నా పేరు మాత్రం వద్దండి. పేరు పడితే కౌలు పోద్ది. బోదె పోతే పంట పోద్ది. ఏది ముందో అంతే తేడా."

అభ్యంతరాల గడువు జూన్ మొదటి వారంతో అయిపోతుంది. కాలువలకు నీళ్లు వదిలేది ఆ తర్వాత. అంటే బోదె బోదెలాగా కనిపించే రోజు వచ్చేసరికి, అది రోడ్డా కాదా అని అడిగే రోజు వెళ్లిపోతుంది. ఇది ఎవరో కుట్ర చేసి పెట్టింది కాదు. నేను ఆఫీసుల్లో చూసిన కుట్రలు చాలా తక్కువ. ఎక్కువగా చూసింది క్యాలెండర్లు.

వెళ్లి చూశాను

కొత్తవాళ్లకు ప్రతి సీనియరూ చెప్పే మాట ఒకటి ఉంది. విని రాయకు, వెళ్లి చూసి రాయి అని. నేనూ చాలామందికి చెప్పాను. ఆ మర్నాడు వెళ్లి చూశాను.

చక్కటి రోడ్డు. నా స్కూటరు వేసుకుని బోదెలో దిగి, దాదాపు సగం దూరం వెళ్లాను. మా వార్డులో మున్సిపాలిటీ వేసిన రోడ్డు కంటే నయంగా ఉంది. ఎదురుగా గడ్డి ట్రాక్టరు ఒకటి వస్తే పక్కకు తప్పుకోవడానికి చోటు కూడా ఉంది. ట్రాక్టరు మీది మనిషి ఆపి, "దారి తప్పేరాండి?" అని అడిగాడు. లేదని చెప్పాను. రైతులు కాస్త ఎక్కువ చేసి చెబుతారని అనుకున్నాను. ఈ మాట ఇప్పుడు రాయడానికి నాకేం గర్వంగా లేదు. కానీ అనుకున్నాను.

అంటే వెళ్లి చూడటం ఒక్కటే చాలదు. ఎప్పుడు వెళ్లాలో కూడా తెలియాలి. నాకు అది ఎవరూ చెప్పలేదు. నాకే తెలిసి ఉండాల్సింది. నేను డెల్టాలోనే పుట్టాను.

వెనక్కి తిప్పుదామని పాత తూము దగ్గర ఆగాను. బోదె అక్కడ అడ్డంగా వెళ్లే వేరే రోడ్డు కిందుగా అవతలికి వెళుతుంది. స్కూటరు మీద కూర్చునే చూశాను. తూము సిమెంటు గోడ మీద నల్లటి చార ఒకటి ఉంది. దానిపైన ఇనుప చువ్వకు ఎండిన గుర్రపు డెక్క వేళ్లు పట్టుకుని వేలాడుతున్నాయి. గుర్రపు డెక్క నీటి మీద తేలుతుంది తప్ప గోడ ఎక్కదు. ఆ చార నా భుజం కంటే ఎత్తులో ఉంది.

స్కూటరు బోదెలోంచి పైకి ఎక్కించి, గట్టు మీదుగా నడిపించుకుంటూ ఇంటికి వచ్చాను.

నేను రాసిన వార్తలన్నీ కత్తిరించి అట్టపెట్టెల్లో పెట్టుకోవడం నాకు అలవాటు. రెండు రోజులు వెతికాను. నాలుగో పెట్టెలో దొరికింది. చాలా ఏళ్ల కిందటి కార్తీక మాసపు తుపాను వార్త. అదే తూము. నడుము లోతు నీళ్లలో నిలబడి గుర్రపు డెక్క లాగుతున్న రైతుల ఫొటో. కింద నా పేరు. ఆ వార్తలో నేను దాన్ని సరిగ్గా మురుగు బోదె అనే రాశాను.

ఎవరికోసం చూస్తున్నావు

మా డెస్క్ ఇన్‌చార్జి మాధవరావు గారు రాజమండ్రిలో కూర్చునేవారు. ఆయన దగ్గర పదిహేనేళ్లు పని చేశాను. ఆ పదిహేనేళ్లలో ఒక్కసారి తప్ప బాగుంది అనడం నేను వినలేదు. బాగుండకపోతే మాత్రం ఫోను వచ్చేది. ఫోనులో తేలే విషయం కాదని బస్సెక్కి వెళ్లాను.

"ఏంటయ్యా, స్వయంగా వచ్చావు. ఎవరైనా కేసు వేశారా?"

"ఇంకా లేదండి."

కత్తిరింపులు రెండూ ఆయన ముందు పెట్టి విషయం చెప్పాను. ఆయన రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదివారు.

"రెండూ నువ్వే రాశావు."

"అవునండి."

"పాతదే బాగుంది" అన్నారు. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు, అదే చివర.

"ఫాలోఅప్ ఇవ్వు. స్థానికుల్లో ఆందోళన అని పెడదాం."

"స్థానికులు పేర్లు వద్దంటున్నారండి. కౌలు పోతుందని భయం."

"పేరు లేని స్థానికుడంటే విలేకరి బావమరిది అనుకుంటారయ్యా. ఎవరో ఒకరు పేరుతో చెప్పాలి. అది రోడ్డు కాదు, పేపర్లో వచ్చింది తప్పు అని పేరు పెట్టి చెప్పగలిగిన మనిషి ఒక్కడైనా లేడా ఆ ఊళ్లో?"

ఆలోచించాను. లస్కరు ఉన్నాడు, కాలువల మీద పని చేసే ప్రభుత్వ మనిషి. ఉద్యోగం పోతుందని చెప్పడు. కౌన్సిలరు ఉన్నాడు. ఆయన సూర్యనారాయణ గారి వియ్యంకుడు. చివరికి, "నేనున్నానండి" అన్నాను.

"మరి ఇంతసేపూ ఎవరికోసం చూస్తున్నావు?"

సవరణ వేయడం ఏ పేపరుకూ ఇష్టం ఉండదు. ఒకటి వేస్తే రేపు వందమంది వస్తారని భయం. మాధవరావు గారికీ ఆ భయం ఉంది. అయినా కాగితం ఇచ్చి రాయమన్నారు. నేను "పొరపాటుకు చింతిస్తున్నాం" అని ముగించాను. ఆయన ఎర్ర పెన్నుతో కొట్టేశారు.

"నీ చింత ఎవరికి కావాలి. పొరపాటు ఎవరిదో రాయి."

విచారణ రోజు పొద్దున రాశిఫలాల కింద మూడు లైన్లు వచ్చాయి. 'శివారుకు మహర్దశ' వార్తలో మట్టి రోడ్డుగా పేర్కొన్నది మురుగు బోదె అనీ, వేసవిలో మాత్రమే ఎండి ఉంటుందనీ, పొరపాటు మా విలేకరిదనీ. నా రాశికి ఆ రోజు ప్రయాణ లాభం అని ఉంది.

ప్రెస్ వాళ్ల కుర్చీలు

కౌన్సిల్ హాల్లో విచారణ. వేదిక మీద కమిషనరు, పక్కన టౌన్ ప్లానింగ్ ఆఫీసరు. ముందు వరసలో పాసుబుక్కులు ఉన్నవాళ్లు. అవి లేనివాళ్లు గోడ పక్కన నిలబడ్డారు. వీర్రాజు తలుపు దగ్గర ఉన్నాడు. నన్ను చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు. అది మంచి పనే.

కమిషనరు కొత్తాయన. రాయలసీమ నుంచి బదిలీ మీద వచ్చి నెల కాలేదు.

పద్నాలుగో నంబరు రోడ్డు వచ్చేసరికి టౌన్ ప్లానింగ్ ఆఫీసరు ఫైలు చూసి, అభ్యంతరాలు ఏమీ రాలేదన్నాడు. సూర్యనారాయణ గారు లేచారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చేతిలో మా పేపరు. ఫ్రేము మాత్రం లేదు.

"అభ్యంతరం కాదండి, ధన్యవాదాలు చెబుదామని లేచాను. పాత రోడ్డే, కొత్తది కాదు. ఎవరి భూమీ పోదు. కావాలంటే పేపర్లో కూడా వచ్చింది."

టౌన్ ప్లానింగ్ ఆఫీసరు ఫైలులోంచి అదే కత్తిరింపు తీసి కమిషనరుకు చూపించాడు. ప్రెస్ నోట్ చూసి నేను రాశాను. నా వార్త చూసి వాళ్లు ఫైలులో పెట్టుకున్నారు. ఒకరిని చూసి ఒకరం నమ్మాం. నీళ్లున్నప్పుడు ఆ బోదెను మాత్రం ఎవరూ వెళ్లి చూడలేదు.

విచారణల్లో విలేకరి మాట్లాడకూడదు. అది నాకు తెలుసు, ఇప్పటికీ అదే చెబుతాను. అయినా ప్రెస్ వాళ్ల కుర్చీలోంచి లేచాను.

"సార్, ఆ వార్త రాసింది నేనండి. చూడకుండా రాశాను. అది రోడ్డు కాదు, మురుగు బోదె. ఈ పొద్దున సవరణ వేశాం."

హాల్లో కొంత గోల. కమిషనరు అద్దాలు తీసి నన్ను చూశారు. "మీరు ప్రెస్ కదా. మీకు అభ్యంతరం చెప్పే అవకాశం లేదే."

"అభ్యంతరం కాదండి. మీ ఫైల్లో ఉన్న కాగితం తప్పని చెబుతున్నాను. ఆ కాగితం నాది."

పాత తుపాను వార్త కూడా తీసుకెళ్లి వేదిక మీద పెట్టాను. సూర్యనారాయణ గారు నవ్వారు.

"ఏంటి ప్రసాదు గారూ, ఆ పక్కన ఎక్కడైనా స్థలం కొన్నారా?"

అందరూ నవ్వారు. గోడ పక్కన ఉన్నవాళ్లు కూడా నవ్వారు. కామందు నవ్వినప్పుడు నవ్వకపోవడం వాళ్లకు కుదరదు.

"నేను కొనలేదండి. కొంటే పల్లంలో కొనను" అన్నాను.

టౌన్ ప్లానింగ్ ఆఫీసరు మెల్లగా, "మేం స్వయంగా వెళ్లి చూశాం సార్. పూర్తిగా ఎండి ఉంది. బళ్లు తిరుగుతున్నాయి" అన్నాడు. అబద్ధం కాదు. ఆయన ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.

కమిషనరు ఫొటోను చాలాసేపు చూశారు.

"మా ఊరి పక్కన వంక ఉంటుంది. ఏడాదికి ఒకటి రెండు సార్లు పారుతుంది. కొన్నేళ్లు అదీ లేదు. అయినా దాన్ని మా ఊళ్లో ఎవరూ రోడ్డనరే" అన్నారు.

మాకు ఏడాదిలో పదకొండు నెలలు నీళ్లు కనిపిస్తాయి. అందుకని నీళ్లు లేని నెలలో కాలువను గుర్తుపట్టలేం. నీళ్లు కనిపించని చోట పుట్టినాయన దాన్ని ఫొటోలోనే గుర్తుపట్టాడు.

ఆ ఒక్క రోడ్డును పక్కన పెట్టి, వానలు పడ్డాక స్వయంగా చూస్తానని ఆయన రాసుకున్నారు.

లోతు ఎంత

ఊడ్పులు సాగుతున్న రోజుల్లో వచ్చారు. జీపు పాత బస్టాండు వెనక నుంచి పద్నాలుగో నంబరు రోడ్డు మొదలయ్యే చోటు దాకా వచ్చి ఆగింది. అక్కడి నుంచి ముందుకు వెళ్లడానికి పడవ కావాలి.

టౌన్ ప్లానింగ్ ఆఫీసరు ప్లాస్టిక్ కవరులో మ్యాప్ పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. సూర్యనారాయణ గారు గొడుగు వేసుకుని వచ్చారు. ఊడ్పు చేలోంచి వీర్రాజును పిలిచారు, గట్టు మీద ముళ్లకంప తీయడానికి.

కమిషనరు నీళ్ల వైపు చూసి, "ఇక్కడ లోతు ఎంతుంటుంది?" అని అడిగారు.

"మోకాలి లోతేనండి" అన్నారు సూర్యనారాయణ గారు. "రాత్రి వాన పడింది కదండి, అందుకని అలా కనిపిస్తోంది."

కమిషనరు వీర్రాజు వైపు తిరిగారు. "ఏమప్పా, నువ్వు చెప్పు. ఎంతుంటుంది?"

వీర్రాజు కామందు వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను నా నోట్‌బుక్ వైపు చూసుకున్నాను. అతని కౌలు, అతని పంట రెండూ ఆ ఒక్క జవాబులో ఉన్నాయి. అది అక్కడున్న వాళ్లలో నాకూ అతనికీ తప్ప ఎవరికీ తెలియదు. సూర్యనారాయణ గారికి తెలుసేమో.

"ఆయ్" అన్నాడు వీర్రాజు. భుజం మీది తువ్వాలు తీసి తలకు చుట్టుకున్నాడు. గట్టు మీంచి బోదెలోకి దిగాడు. నాలుగడుగులు వేసి మధ్యలో నిలబడ్డాడు. నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. గుర్రపు డెక్క ఒకటి మెల్లగా వచ్చి అతని భుజానికి ఆనుకుని ఆగింది.

"మోకాలేనా అప్పా?" అన్నారు కమిషనరు.

"కామందు గారు చెప్పినంతేనండి" అన్నాడు వీర్రాజు, ఛాతీ లోతు నీళ్లలోంచి.

టౌన్ ప్లానింగ్ ఆఫీసరు జేబులోంచి పెన్ను తీశాడు.

తర్వాత

తుది ప్లాన్‌లో ఆ గీత నీలం రంగులోకి మారింది. రోడ్డు పక్కకు జరిగింది. జరిగిన చోట ప్రైవేటు భూమి కొంత పోతుంది, అందులో సూర్యనారాయణ గారిది కూడా ఉంది. ఆయన పాసుబుక్కు జిరాక్సు పెట్టి అభ్యంతరం ఇచ్చారు. ఆ రోడ్డు ఇంకా పడలేదు.

ఆ ఏడు కార్తీకంలో పెద్ద వాన కురిసింది. మూడెకరాల్లో నీరు నిలబడి రెండో రోజుకు దిగిపోయింది. వీర్రాజు పంట చేతికొచ్చింది. సంక్రాంతి లోపలే సూర్యనారాయణ గారు కబురు పెట్టారు, దాళ్వాకు వేరేవాళ్లు చేసుకుంటారని. కారణం చెప్పలేదు. కాగితం లేని కౌలుకు కారణం చెప్పక్కర్లేదు.

నేను వెళ్లి అడిగాను. ఆయన కాఫీ ఇప్పించారు. మర్యాదలో ఎప్పుడూ లోటు లేదు.

"ప్రసాదు గారూ, మీ పేపర్లో మీరు సవరణ వేసుకున్నారు. నా పొలంలో నేను వేసుకున్నాను. దీనికి మీరు రావడం దేనికండి?"

కాఫీ తాగి లేచి వచ్చేశాను. వీర్రాజు పేరు పేపర్లో పడకుండా నేను కాపాడాను. అది నిజం. అతను నీళ్లలోకి దిగే అవసరం రాకుండా చూడలేకపోయాను. మొదటి రోజున ఆ గోడ ముందు నాలుగు నిమిషాలు కాకుండా ఇంకో పది నిమిషాలు నిలబడి, పద్నాలుగో నంబరు ఎక్కడినుంచి వెళుతోందో వేలు పెట్టి చూసి ఉంటే, ఆ తూము నాకే గుర్తొచ్చేది. 'మహర్దశ' అచ్చయ్యేది కాదు, అది ఫైల్లోకి ఎక్కేది కాదు. ఒక కౌలు రైతు తన కామందు ఎదుట బోదెలో దిగి నిలబడాల్సి వచ్చేది కాదు. మన పనిలో తప్పు చేసేది ఒకరు, దాని లోతు కొలిచేది మరొకరు. కొత్తవాళ్లు ఇది ముందే తెలుసుకుంటే మంచిది. తెలుసుకున్నా తప్పులు చేస్తారు, నాకు తెలుసు. కనీసం తప్పు కింద మీ పేరు మీరే రాయండి.

వీర్రాజుకు ఏడాది తర్వాత అదే బోదె అవతలి గట్టున రెండెకరాలు దొరికాయి. రిటైరైన టీచరమ్మ గారిది. ఈసారి కాగితం రాయించుకున్నాడు. ఏం రాయాలో నన్నడిగాడు. నేను రాసిచ్చాను. నేను రాసిన వాటిలో డెస్క్ ఒక్క అక్షరం మార్చనిది అదొక్కటే.

మొన్న వేసవిలో అతను ఫోను చేశాడు.

"బాబూ, మళ్లీ వచ్చేరండి. ప్లానేదో మారుస్తారంట. ఈసారి పైనుంచి ఫొటోలు తీసే డ్రోను తెచ్చేరు."

"ఏ నెలలో వచ్చారు చూడండి" అన్నాను.

"మే నెలేనండి. వాళ్లకి అదే బాగుంటది కదా. ఏం ఫర్వాలేదండి. మేం చూసుకున్నాం."

ఏం చూసుకున్నారో చెప్పలేదు. సాయంత్రం ఎండ తగ్గాక స్కూటరు తీశాను. బోదె మొదట్లో, ట్రాక్టర్లు దిగే చోట, తాటి దుంగలు రెండు అడ్డంగా పాతి ఉన్నాయి. గడ్డి ట్రాక్టరు ఒకటి వాటి దాకా వచ్చి, ఆగకుండా పక్కకు తిరిగి, ఊరు చుట్టూ ఉన్న దూరపు దారి పట్టుకుంది. దాని వెనక ఇంకొకటి. నాలుగేళ్లుగా అందరూ అలాగే తిరిగి వెళుతున్నారట, వేసవిలో కూడా.

నేను గట్టు మీద నడుచుకుంటూ తూము దాకా వెళ్లాను. బోదెలో చుక్క నీరు లేదు. చక్రం గుర్తు కూడా లేదు.